రెండు ఉగాదులు ఆగు, నాయనా

చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడే అడిగేస్తావు. "పెద్దమ్మా, ఉద్యోగం మానేసి సొంతంగా పెట్టుకుని పది నెలలైంది. బాగానే నడుస్తోంది. మేమున్న ఫ్లాట్ ఇరుకైపోయింది, అమ్మానాన్నా కూడా వచ్చేస్తున్నారు. బాచుపల్లిలో మూడు బెడ్‌రూములది ఒకటి చూశాం. టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తే లోన్ వస్తుంది కదా?" ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు. ముందు ఆ చెప్పులు విప్పు. లోపలికొచ్చి కూర్చో. మంచినీళ్ళు తాగు. టోకెన్ డబ్బులు మాత్రం జేబులోంచి తియ్యకు.

ఈ మాట నీ ఒక్కడితోనే కాదులే. నీలాంటి పిల్లలు చాలామంది ఇదే అడుగుతున్నారు, నీలాగే నిలబడే అడుగుతున్నారు. ఐటీ కంపెనీ వదిలి కన్సల్టెన్సీ పెట్టుకున్నవాడు, ఆస్పత్రి వదిలి సొంత క్లినిక్ తెరిచిన పిల్ల, పెద్ద ఆఫీసులోంచి బయటికొచ్చి ఇంటీరియర్ పనులు పట్టుకుంటున్నవాడు. అందరూ మంచివాళ్ళే, కష్టపడేవాళ్ళే. అమ్మానాన్నల్ని దగ్గర పెట్టుకోవాలి, పిల్లలకో గది ఉండాలి, అంతకుమించి ఆశ లేనివాళ్ళే. మీ బుద్ధి మంచిదే నాయనా, నాకు తెలుసు. మీకున్నదల్లా తొందర.

నేను ముప్ఫై ఒక్కేళ్ళు బ్యాంకులో పనిచేశాను. ఆఖరి పదకొండేళ్ళూ ఇళ్ళ లోన్ల సీటులోనే కూర్చున్నాను. నా బల్లకు అవతల కూర్చుని ఆశగా చూసిన మొహాలు ఇప్పటికీ కళ్ళముందు ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, విను. రెండు ఉగాదులు ఆగు. ఇల్లు ఎక్కడికీ పోదు. నీ సంపాదనకు వేళ్ళు దిగనీ.

ఎందుకు ఆగాలంటావా? నిన్నటిదాకా నీ సంపాదనకు ఒక సాక్షి ఉన్నాడు, నీ కంపెనీ. ఒకటో తారీకున జీతం పడేది, పే స్లిప్ వచ్చేది, ఏడాదికోసారి ఫారం 16 వచ్చేది. నాలుగు కాగితాలు పెడితే బ్యాంకు నమ్మేది. నమ్మింది నీ మొహం చూసి కాదు, నీ వెనకాల ఉన్న కంపెనీని చూసి. ఇప్పుడా సాక్షి లేడు. నీకు నువ్వే సాక్షివి. నీ నోటిమాట నాకు చాలు, మీ ఆవిడకు చాలు, బ్యాంకుకు చాలదు. దానికి కాగితం కావాలి. కాగితం మీదికి ఎక్కని రూపాయి బ్యాంకుకు రూపాయే కాదు.

సొంతంగా సంపాదించుకునేవాళ్ళను సాధారణంగా రెండు మూడేళ్ళ ఐటీఆర్‌లు అడుగుతారు. వాటితోపాటు లాభనష్టాల పట్టీ, బ్యాలెన్స్ షీట్, జీఎస్టీ ఉంటే ఆ రిటర్నులు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, నీ వ్యాపారం ఎప్పుడు మొదలైందో చెప్పే రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతారు. ఒక్క ఏడాది ఐటీఆర్‌తోనూ చూస్తామనేవాళ్ళు కొందరుంటారు, లేకపోలేదు. అక్కడ వడ్డీ ఎక్కువ పడుతుంది, ఇచ్చే మొత్తం తగ్గుతుంది. ఇరవై ఏళ్ళు మోసే బరువు నాయనా అది, తలకెత్తుకునే రోజే చుమ్మ సరిగ్గా పెట్టుకోవాలి.

ఇంకోటి. ఏడాది అంటే నీ లెక్కలో ఒకటి, బ్యాంకు లెక్కలో ఒకటి. నువ్వు కిందటి దసరాకు మొదలుపెట్టావు, వచ్చే దసరాకు ఏడాది నిండుతుందంటావు. బ్యాంకు ఏడాది ఏప్రిల్ 1న పుట్టి మార్చి 31న ముగుస్తుంది. దసరా నుంచి మార్చి దాకా నడిచింది అరకొర ఏడాది. ఆ రిటర్నులో సగం జీతం, సగం సొంత సంపాదన కలగలిసి ఉంటాయి. దాన్ని పక్కనపెట్టి, ఏప్రిల్ నుంచి నిండుగా నడిచిన ఏడాదుల్ని లెక్కపెట్టుకో. మన షావుకార్లు కొత్త పద్దుపుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి మొదటి పేజీ నుంచి రాసుకున్నట్టు నువ్వూ రాసుకో. అలాంటి నిండు పుస్తకాలు రెండు కావాలి. అందుకే రెండు ఉగాదులంటున్నాను.

"నెలకు రెండు లక్షలు వస్తున్నాయి పెద్దమ్మా" అన్నావు. సంతోషం, ఇంకా రావాలి. అయితే ఆ రెండు లక్షల్ని బ్యాంకు ఎలా చూస్తుందో తెలుసా? నువ్వు చేసేది సాంకేతిక సలహాల పని. మీ ఆడిటర్ ఆదాయాన్ని అంచనాగా చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తానన్నాడు. అందులో వచ్చిన మొత్తంలో కనీసం సగాన్ని ఆదాయంగా చూపిస్తే చాలు, పెద్ద లెక్కల పుస్తకాలు అక్కర్లేదు. చట్టం ఇచ్చిన వెసులుబాటే, తప్పేం లేదు. ఏడాదికి 24 లక్షలు వస్తే 12 లక్షలు చూపిస్తావు. బ్యాంకు చూసేది ఆ 12 లక్షల్నే. అంటే నెలకు లక్ష. ఆ లక్షలో సుమారు సగానికి మించి ఈఎమ్ఐలకు పోకూడదనుకుంటుంది. అంటే 50,000. తొమ్మిది శాతం వడ్డీకి, ఇరవై ఏళ్ళ గడువుకు 50,000 ఈఎమ్ఐ అంటే సుమారు 55 లక్షల లోన్. నువ్వు రెండు లక్షల మీద లెక్కేసుకుని కోటి దాటి వస్తుందనుకుంటున్నావు. చూశావా, నీ లెక్కకూ దాని లెక్కకూ ఎంత దూరముందో!

నిజంగా ఖర్చులు పోను మిగిలేది సగం కంటే ఎక్కువైతే ఆ ఎక్కువనే చూపించు, పన్ను కట్టు. పన్నువాళ్ళ దగ్గర పేదవాడివై, బ్యాంకు దగ్గర ధనవంతుడివి కాలేవు నాయనా. రెండుచోట్లా ఒకటే మనిషివి కావాలి. పన్నులో మిగిలించిన రూపాయిని చూసి మురిసిపోతావు, ఆ రూపాయే రేపు లోన్ దగ్గర నీకు అడ్డం నిలబడుతుంది. సేవల పనిలో ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు కూడా కావాలి. నెలకు రెండు లక్షల లెక్కన నువ్వు దాటతావు. అది ఎగ్గొట్టి ఇల్లు కొనుక్కుందామనుకోకు. అన్నీ ఒకదాన్నొకటి చూసుకుంటున్న రోజులివి.

ఒక జంట సంగతి చెబుతాను. పేర్లెందుకులే. ఓ ఎండాకాలం మధ్యాహ్నం నా బల్ల దగ్గరికొచ్చారు. అబ్బాయి చేతిలో నీలం ప్లాస్టిక్ ఫోల్డరు, అమ్మాయికి ఏడో నెల. ఫైలు బాగానే సర్దుకొచ్చారు. రెండేళ్ళ ఐటీఆర్‌లు ఉన్నాయి. నేను ముందు అంకెలు చూడను, రిటర్ను వేసిన తారీకు చూస్తాను. రెండేళ్ళవీ ఒకే వారంలో వేశారు, అదీ మా దగ్గరికి వచ్చేముందు నెలలో. ఏడాదికేడాది వేసుకుంటూ వచ్చినవి కావు, లోన్ కోసం వండినవి. అబ్బాయి సంపాదన అబద్ధమని నేననలేదు. నిజమే అయ్యుండొచ్చు. ఆ కాగితం మాత్రం నిజంలా కనపడలేదు. ఫైలు వెనక్కిచ్చాను. ఆ అమ్మాయి మాట్లాడకుండా ఫోల్డరు బొత్తం నొక్కింది. ఆ చిన్న చప్పుడు ఇంకా నా చెవిలో ఉంది.

ఇరవై నెలల తర్వాత వాళ్ళే మళ్ళీ వచ్చారు. చంకలో పిల్లాడు. ఫైలు అప్పటికంటే లావుగా ఉంది, అడిగిన లోన్ అప్పటికంటే తక్కువగా ఉంది. "అప్పుడు చూసిన ఇల్లు మాకు పెద్దదైపోయేదండీ" అంది ఆ అమ్మాయి. వారం దాటకుండా శాంక్షన్ అయింది. ఆగడంవల్ల లోన్ ఒక్కటే రాలేదు వాళ్ళకు. తమకెంత ఇల్లు కావాలో కూడా తెలిసొచ్చింది.

ఈలోగా నీ చెవిలో ఊదేవాళ్ళు ఊదుతూనే ఉంటారు. "కాస్త ఖర్చవుతుంది సార్, ఐటీఆర్‌లో అంకెలు మేం చూసుకుంటాం, లేకపోతే ఒక కంపెనీ పే స్లిప్పులు పుట్టిస్తాం" అంటారు. అలాంటివాణ్ణి గడప తొక్కనివ్వకు. దొంగ కాగితం పెడితే పోయేది లోన్ ఒక్కటే కాదు, కేసవుతుంది. సంతకం నీది, ఏజెంటుది కాదు. రాజీనామా పెట్టేసి, నోటీసు పీరియడ్‌లో ఉండగా ఆ సంగతి దాచి పాత పే స్లిప్పుల మీద లోన్ తెచ్చుకుందామనుకునేవాళ్ళూ ఉన్నారు. అదీ మోసమే. మోసం మాట అటుంచు, జీతం ఆగిన నెలలోనే పెద్ద ఈఎమ్ఐ మొదలైతే పురిటి బిడ్డ నెత్తిన బిందె పెట్టినట్టు కాదూ? నీ వ్యాపారం ఇంకా పురిటి బిడ్డే.

నా ఇంటి కథే చెబుతాను, దాచుకోవడమెందుకు. విజయవాడలో ఉండేవాళ్ళం. మీ పెదనాన్నగారు లెక్కల ఉద్యోగం మానేసి చిన్న ప్రెస్సు పెట్టారు. అది ఎన్నికల ఏడాది. పోస్టర్లు, కరపత్రాలు, రాత్రింబవళ్ళు మిషను ఆగలేదు. ఆరు నెలలు డబ్బు వానలా కురిసింది. వాన ఎప్పుడూ ఇలాగే కురుస్తుందనుకున్నాం. ఉన్న చిన్న ఇల్లు అమ్మేసి పెద్దది కొన్నాం. నాకొచ్చే స్టాఫ్ లోన్ చాలకపోతే, మిగిలింది ఆయన పేరు మీద బయట ఎక్కువ వడ్డీకి తెచ్చారు. బ్యాంకులో కూర్చుని పదిమందికి చెప్పేదాన్ని, నా ఇంట్లో నేను చెప్పలేకపోయాను. తొందర నాది కూడా.

ఎన్నికలైపోయాయి. మిషను ఆగింది. రావాల్సిన బాకీలు రాలేదు. ప్రతి నెలా వాయిదా తారీకు దగ్గరపడుతుంటే ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. ఒక రాత్రి అందరం అన్నాలకు కూర్చున్నాం. మా అత్తగారు మెడలోంచి నాను తీసి పప్పు గిన్నె పక్కన పెట్టింది. ఒక్క మాట అనలేదు. "కాస్త నెయ్యి వేసుకోండ్రా" అంది, అంతే. నలభై ఏళ్ళు వేసుకున్న నాను. అది తీసిన చోట మెడ చుట్టూ తెల్లటి చార ఉండిపోయింది. దాన్ని తాకట్టులోంచి విడిపించేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆవిడకు అన్నం వడ్డిస్తూ ఆ చార వైపు చూడలేకపోయేదాన్ని. తొందరపడింది మేం, ఆ తొందరకు వడ్డీ కట్టింది ఆవిడ మెడ. అప్పు ఎప్పుడూ తెచ్చినవాడి నెత్తిన ఆగదు నాయనా, ఇంట్లో అందరి కంచాల్లోకీ వస్తుంది.

అందుకే చెబుతున్నాను. ఆగమంటే చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. ఆవకాయ కలిపి జాడీలో పెట్టి వదిలేస్తామా? మూడోనాడు తీసి తిరగేస్తాం, నూనె తేలిందా అని చూస్తాం, ఉప్పు చాలిందా అని చూస్తాం. అలా ఆగాలి. ఈ రెండేళ్ళూ ఏం చెయ్యాలో చెబుతాను, బుద్ధిగా విను.

ముందు, డబ్బుకు రెండు గదులు కట్టు. వ్యాపారానికి ఒక కరెంట్ అకౌంటు, ఇంటికి ఒక సేవింగ్స్ అకౌంటు. వచ్చిందంతా మొదటి దాంట్లోనే పడాలి. అందులోంచి ఒకటో తారీకున నీకు నువ్వు జీతం ఇచ్చుకో, ప్రతినెలా ఒకే మొత్తం. ఎక్కువ వచ్చిన నెలలో ఎక్కువ తీసుకోకు. కూరగాయల బిల్లూ కంప్యూటర్ బిల్లూ ఒకే అకౌంటులోంచి పోతుంటే, అది చూసే బ్యాంకువాడికే కాదు, నీకూ నువ్వెంత సంపాదిస్తున్నావో తెలియదు. చేతికొచ్చిన నగదు చేతిలోనే ఖర్చయిపోతే దానికి సాక్ష్యం లేదు. మళ్ళీ చెబుతున్నా, కాగితం మీదికి ఎక్కని రూపాయి రూపాయే కాదు.

రిటర్ను గడువుకు ముందే వెయ్యి. ఆఖరి రోజు దాకా లాగకు. అడ్వాన్స్ టాక్స్ కట్టాల్సిన తారీకుకు కట్టు. నీ పద్ధతిలో అయితే మార్చి 15కి ఒకేసారి కట్టొచ్చు, గోడ మీద క్యాలెండర్‌లో ఎర్రసున్నా చుట్టుకో.

సిబిల్ స్కోరు చూసుకో. అది 300 నుంచి 900 దాకా ఉంటుంది, 750 దాటితే బ్యాంకులు దగ్గరికి రానిస్తాయి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం ఉంది, తెప్పించుకుని తప్పులుంటే సరిచేయించుకో. ఒక్క ఈఎమ్ఐ కూడా వెనక్కి పోనివ్వకు. లోన్ వస్తుందో రాదో చూద్దామని వారంలో ఆరు బ్యాంకుల్లో అప్లికేషన్ పెట్టకు. పెట్టిన ప్రతిదీ ఆ రిపోర్టులో గుర్తు వదిలి వెళుతుంది. వీడెవడో అప్పు కోసం వీధివీధీ తిరుగుతున్నాడనిపిస్తుంది.

కొత్త కారు మాట ఎత్తావు ఇందాక. ఎత్తకు. కారుకు నెలకు 15,000 ఈఎమ్ఐ అంటే చిన్నగానే కనపడుతుంది. బ్యాంకు ఆ 15,000ను నీ ఇంటి ఈఎమ్ఐలోంచి తీసేస్తుంది. దాంతో నీకొచ్చే 55 లక్షలు 39 లక్షలకు దిగుతాయి. కారు డిక్కీలో 16 లక్షల ఇల్లు పెట్టుకుని తిరుగుతున్నట్టే. ఒక్క గది పోయింది, చూసుకో. అమ్మానాన్నల గది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. ఈఎమ్ఐ కట్టడం ఇవాళే మొదలుపెట్టు. లోన్ లేకుండా ఈఎమ్ఐ ఏమిటంటావా? పాత ఫ్లాట్‌కు ఇప్పుడు 20,000 కడుతున్నావు. కొత్తదానికి 50,000 కడతానంటున్నావు. ఆ తేడా 30,000ను వచ్చే నెల నుంచి ఆర్‌డీలో వేసుకుంటూ రా. మంచి నెలలోనూ వెయ్యి, చెడ్డ నెలలోనూ వెయ్యి. కట్టగలిగితే రెండేళ్ళకు 7 లక్షల 20 వేలవుతాయి, వడ్డీ కాక. కట్టలేకపోతే, ఎక్కడ ఆగిపోయావో అక్కడ నీకే తెలుస్తుంది. అక్కడ ఆగిపోయినందుకు ఎవరూ నోటీసు పంపరు, ఎవరి మెడలోంచీ నాను దిగదు. అప్పు తెచ్చాక నేర్చుకునే పాఠాన్ని అప్పు లేకుండా నేర్చుకుంటావు.

ఆ డబ్బు ఊరికే పోదు. నువ్వు చూసిన ఫ్లాట్ 80 లక్షలన్నావు. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఇచ్చే లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంక్ కట్టడి. నీ ఆదాయం ఎంత చూపించినా 64 లక్షలకు మించదు. మిగతా 16 లక్షలు నీ చేతిలోంచి పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో 7.5 శాతం, ఆంధ్రలోనూ దాదాపు అంతే. అంటే ఇంకో 6 లక్షలు. దాన్ని ఇంటి విలువలో కలిపి లోన్ ఇవ్వరు. కడుతున్న ఫ్లాట్ అయితే జీఎస్టీ వేరే. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, అల్మారాలు, ఫ్యాన్లు, కర్టెన్లు. ఇవన్నీ ఎక్కడి నుంచి తెస్తావు? పర్సనల్ లోన్ అనకు. అప్పు మీద అప్పు ఇల్లు నిలబెట్టదు. మంచం ఉన్నంతవరకే కాళ్ళు చాపాలని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"పాత ఫ్లాట్ అమ్మితే వస్తాయి కదా" అంటావు. వస్తాయి. రెండిటి ఈఎమ్ఐలూ ఒకేసారి నెత్తిన పెట్టుకోకుండా ఉంటే అదే మంచి దారి. రెండేళ్ళకు మించి నీ పేరున ఉన్న ఇల్లు అమ్మితే, అమ్మిన రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొంటే, లాభం మీద పన్నుకు మినహాయింపు ఉంది. ఈలోగా ఆ లాభం డబ్బును రిటర్ను గడువులోపల క్యాపిటల్ గెయిన్స్ అకౌంటులో వేసి ఉంచాలి. మీ ఆడిటర్‌ను కూర్చోబెట్టి తారీకులు రాయించుకో. పాత లోన్ తీర్చాక ఒరిజినల్ కాగితాలు 30 రోజుల్లో బ్యాంకు తిరిగివ్వాలి. 2023 డిసెంబర్ నుంచి ఉన్న నియమం ఇది, ఆలస్యం తనవల్లే అయితే రోజుకు 5,000 చొప్పున అదే కట్టాలి. కాగితాలు చేతికొచ్చాయా లేదా చూసుకుని గానీ కొత్తదానికి అగ్రిమెంటు రాసుకోకు. నడుమ కొన్నాళ్ళు అద్దింట్లో ఉండాల్సి వస్తే ఉండు. అద్దిల్లు చిన్నతనం కాదు. మేం ఆ పెద్దిల్లు అమ్ముకుని అద్దింటికి మారిన రాత్రే మీ పెదనాన్నగారు చాలారోజుల తర్వాత కంటినిండా నిద్రపోయారు.

మీ ఆవిడకు జీతముంది కాబట్టి ఆవిణ్ణి కూడా కో-అప్లికెంట్‌గా పెడితే లోన్ పెరుగుతుంది, నిజమే. పెట్టే ముందు ఆవిడతో తీరిగ్గా మాట్లాడు. సంతకం పెట్టు అని కాగితం ముందుకు తొయ్యకు. నీ వ్యాపారం తగ్గితే ఆ ఈఎమ్ఐ ఆవిడ జీతంలోంచే పోతుంది, ఆవిడ సిబిల్‌కే మచ్చ పడుతుంది. ఇంటి కాగితంలో కూడా ఆవిడ పేరుండాలి. మీ నాన్న రిటైర్మెంట్ డబ్బు మీద చెయ్యి వెయ్యకు. ఆయన ఇస్తాననే అంటాడు. మా అత్తగారూ అడగకుండానే ఇచ్చింది.

ఉద్యోగం మానేసిన రోజున ఇంకోటి కూడా పోయింది, గమనించావా? కంపెనీ ఇచ్చిన మెడిక్లెయిం. అమ్మానాన్నా వస్తున్నారంటున్నావు. ముందు ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా, నీకో టర్మ్ పాలసీ తీసుకో. ఆరు నెలల ఈఎమ్ఐ విడిగా ఎఫ్‌డీలో ఉండాలి. దాన్ని ముట్టుకోకూడదు. నువ్వు తీసుకునేది ఫ్లోటింగ్ వడ్డీ. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో రేటు 4 శాతం నుంచి 6.5 శాతానికి వెళ్ళింది. తక్కువ వడ్డీ చూసి నిండా తీసుకున్నవాళ్ళకు ఈఎమ్ఐలు పెరిగాయి, గడువులు ఏళ్ళకేళ్ళు సాగాయి. అందుకని బ్యాంకు 55 ఇస్తానంటే 45 తీసుకో. గిన్నె అంచుదాకా పాలు పోసి పొయ్యి మీద పెట్టం కదా. పెద్ద బిల్లు వచ్చిన నెలలో అసలులో కాస్త కట్టేసెయ్. ఫ్లోటింగ్ వడ్డీ మీద ఇంటి లోన్ తీసుకున్న మనిషి ముందుగా కడితే పెనాల్టీ వెయ్యకూడదని బ్యాంకులకు 2012లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది.

"ఈలోగా రేట్లు పెరిగిపోతే?" అంటావు. పెరగొచ్చు నాయనా, పెరగవని నీకు మాటివ్వలేను. పెరిగితే ఇంకాస్త దూరం వెళతావు, లేకపోతే ఒక గది తక్కువది కొంటావు. రెండేళ్ళు ఆగి చిన్నది కొన్నవాళ్ళు దిగులుపడి నా దగ్గరికి రాలేదు. తొందరపడి పెద్దది కొన్నవాళ్ళు వచ్చారు, తల వంచుకుని వచ్చారు. నువ్వు అలా రాకూడదు.

బ్యాంకు ఆగమన్నదని చిన్నబుచ్చుకోకు. అది అడిగే రెండేళ్ళు నీకూ కావాలి. పని లేని నెల ఎలా ఉంటుందో, బాకీ ఎగ్గొట్టినవాడు ఎలా మాట్లాడతాడో, ఒక పెద్ద క్లయింటు వెళ్ళిపోతే ఇల్లు ఎలా నడుస్తుందో నువ్వింకా చూడలేదు. చూడు. చూసి నిలబడు. నిలబడ్డాక ఫైలు పట్టుకెళ్ళు. అప్పుడు నువ్వు బతిమాలక్కర్లేదు, కాగితాలే మాట్లాడతాయి.

వంటయింది, లే, చేతులు కడుక్కో. అన్నం తినేసి వెళ్ళు. వెళుతూ వెళుతూ ఒక బాక్స్ ఫైలు కొనుక్కుని, దాని మీద ఇవాళ్టి తారీకు రాసుకో. ఆ బాచుపల్లి ఆయనకు ఫోన్ చేసి, ఇప్పుడు కాదండీ అని చెప్పు. నాకెదురుగా చేస్తే ఇంకా మంచిది.